‘ప్రతి షిఫ్ట్‌ల చూస్తం సార్’.. ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

విల్, షుడ్, మే, మస్ట్.. చూడ్డానికి చిన్న మాటలే. కానీ ఆడిట్‌లో, షిఫ్ట్ హ్యాండోవర్‌లో, ఇంటర్వ్యూలో మన పని జరుగుతోందో, జరగబోతోందో, జరిగి ఉంటుందని అనుకుంటున్నామో తేల్చేది ఇవే.

పాశమైలారంలో ఓ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ. నేను ట్రైనీగా చేరి అప్పటికి మూడు నెలలు. ఆ రోజు విదేశీ కస్టమర్ తరఫున ఆడిటర్ వచ్చారు. ప్లాంట్‌లో తిరుగుతూ డ్రయ్యర్ దగ్గర ఆగి, అక్కడున్న ఆపరేటర్‌ను ఒక ప్రశ్న అడిగారు. ‘డు యూ చెక్ ద వాక్యూమ్ గేజ్ ఇన్ ఎవ్రీ షిఫ్ట్?’

ఆ ఆపరేటర్‌ది పన్నెండేళ్ల అనుభవం. మెషిన్ చప్పుడు విని రోగం చెప్పగల మనిషి. తడుముకోకుండా జవాబిచ్చారు. ‘యెస్ సార్. ఎవ్రీ షిఫ్ట్ వి విల్ చెక్.’

ఆడిటర్ తలూపి, ఏదో రాసుకుని ముందుకు కదిలారు. సాయంత్రం క్లోజింగ్ మీటింగ్‌లో ఆ కాగితం చదివితే అందరం బిత్తరపోయాం. గేజ్ తనిఖీ ప్రస్తుతం జరగడం లేదని, ఇకపై మొదలుపెడతామని ఆపరేటర్ చెప్పారని దాని సారాంశం! క్వాలిటీ మేనేజర్ పరుగున వెళ్లి లాగ్‌బుక్ తెచ్చి, ఏడాది పొడవునా ఉన్న సంతకాలు చూపిస్తే తప్ప ఆ పాయింట్ పోలేదు.

తర్వాత క్యాంటీన్‌లో ఆ అన్న నన్నడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. ‘తమ్మీ, నేను అబద్ధం చెప్పలే కదా. ఉన్నదే చెప్పిన. మరి ఆయన గట్లెందుకు రాసుకున్నడు?’

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న నన్నడిగినా నేనూ ‘వి విల్ చెక్’ అనే చెప్పేవాణ్ని. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు ఇంగ్లిష్ మీడియం చదివినా సరే.

తప్పు ఆయనది కాదు.. ‘తా’ది

తెలుగులో ‘వస్తాను’ అనే ఒక్క రూపం రెండు పనులు చేస్తుంది. ‘నేను రోజూ ఆరింటికి వస్తాను’ అంటే అలవాటు. ‘నేను రేపు ఆరింటికి వస్తాను’ అంటే భవిష్యత్తు. క్రియ అక్షరం కూడా మారలేదు. ‘రోజూ’, ‘రేపు’ అన్న మాటలే తేడా చెబుతున్నాయి. బళ్లో తెలుగు సార్ చెప్పిన తద్ధర్మ కాలం గుర్తుందా? ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ లాంటి, ఎప్పుడూ జరిగే పనులకు వాడేది. మన వాడుక భాషలో అది, భవిష్యత్తు రెండూ ఈ ‘తా’ రూపంలోనే కలిసిపోయాయి.

ఇంగ్లిష్‌లో ఇవి రెండు వేర్వేరు గదులు. అలవాటుకు ‘ఐ కమ్ ఎట్ సిక్స్’. రేపటికి ‘ఐ విల్ కమ్ ఎట్ సిక్స్’. మనకు చిన్నప్పుడు ‘తాను, తాడు, తుంది అంటే విల్’ అని బట్టీ పట్టించారు. అందుకే ‘చూస్తం’ అనగానే మన నోటికి ‘విల్ చెక్’ వచ్చేస్తుంది. వినేవాళ్లకు మాత్రం అది ‘ఇకమీదట చూస్తాం’ అనే హామీలా వినిపిస్తుంది.

దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. మీరు చెప్పబోయే వాక్యంలో ‘రోజూ’, ‘ప్రతిసారీ’, ‘ఎప్పుడూ’ అన్న మాట పెట్టి చూడండి. అతికితే ‘విల్’ తీసేయండి. ‘వి చెక్ ఇట్ ఎవ్రీ షిఫ్ట్.’ ‘ఐ ట్రావెల్ ఫ్రమ్ సంగారెడ్డి.’ ‘ద బాయిలర్ రన్స్ ట్వంటీ ఫోర్ అవర్స్.’ అంతే.

ఇంగ్లిష్‌లో ‘విల్’ అలవాటుకు అసలు రాదా అంటే, వస్తుంది. ఒక వస్తువు స్వభావం చెప్పేటప్పుడు ‘ఆయిల్ విల్ ఫ్లోట్ ఆన్ వాటర్’ అంటే తప్పేమీ లేదు. కానీ ‘మీరు ఈ పని చేస్తున్నారా?’ అని అడిగినప్పుడు ‘విల్’తో జవాబిస్తే, ఇంకా చేయట్లేదని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. అక్కడ మామూలు వర్తమానమే సేఫ్.

అద్దెకు తెచ్చుకున్న భవిష్యత్తు

ఇంగ్లిష్ క్రియకు గతం ఉంది. ‘చెక్’కు ‘చెక్డ్’. భవిష్యత్తుకు మాత్రం అలాంటి తోక లేదు. అందుకే ఇంగ్లిష్ ఆ పనికి వేరే మాటల్ని అద్దెకు తెచ్చుకుంది. ‘విల్’ అంటే మొదట్లో ‘కోరుకోవడం’. మన ‘వీలునామా’లో ఉన్న వీలు ఈ ‘విల్’ నుంచి వచ్చిందే. చనిపోయాక ఏం జరగాలని ఆ మనిషి కోరుకున్నాడో రాసిన కాగితం అది. ‘షల్’ అంటే మొదట్లో ‘బాకీ ఉండటం’. ‘కెన్’ అంటే ‘తెలిసి ఉండటం’. ‘మే’ అంటే ‘శక్తి ఉండటం’. వందల ఏళ్ల వాడుకలో ఇవి సహాయక క్రియలుగా మారాయి. కానీ పాత వాసన పూర్తిగా పోలేదు. అందుకే ‘ఐ విల్’ అంటే ఇప్పటికీ ఒక మాట ఇచ్చినట్టే ఉంటుంది. ‘షల్’ అంటే ఇప్పటికీ బాకీలాగే, తప్పించుకోలేనిదిగా ఉంటుంది.

పైగా భవిష్యత్తు చెప్పడానికి ‘విల్’ ఒక్కటే దారి కాదు. మన బెల్టులో రోజూ అవసరమయ్యే నాలుగు దారులు ఇవి.

అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం, మాట ఇవ్వడం: ‘ఐ విల్ కాల్ యూ ఇన్ టెన్ మినిట్స్.’

ముందే అనుకున్నది, లేదా కళ్లముందు కనిపిస్తున్న దాన్నిబట్టి చెప్పేది: ‘ద ట్యాంక్ ఈజ్ గోయింగ్ టు ఓవర్‌ఫ్లో.’ లెవెల్ పైకి రావడం చూస్తూ అనే మాట ఇది. ఇక్కడ ‘విల్’ అంటే ఆ తొందర వినిపించదు.

ఎదుటివాళ్లతో ఖరారైన కార్యక్రమం: ‘ద ఆడిటర్ ఈజ్ కమింగ్ ఆన్ మండే.’

టైమ్‌టేబుల్ ప్రకారం జరిగేది: ‘బి షిఫ్ట్ స్టార్ట్స్ ఎట్ టూ.’ రేపటి షిఫ్ట్ గురించే చెప్తున్నా ఇక్కడ ‘విల్’ అక్కర్లేదు.

ఇప్పుడు ఏం జరుగుతోందో ఊహించాలంటే

మోడల్ క్రియలు భవిష్యత్తుకే అనుకుంటే పొరపాటు. ఈ క్షణంలో, మన కంటికి కనిపించని చోట ఏం జరుగుతోందో చెప్పడానికీ ఇవే కావాలి. అసలు సంగతేంటంటే, తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. ‘వాడు ఇప్పుడు ఇంట్లో ఉంటాడు’ అంటాం. రూపం చూస్తే భవిష్యత్తు, అర్థం చూస్తే ఇప్పటి ఊహ. ఇంగ్లిష్‌లోనూ అచ్చం అంతే. ‘హి విల్ బి ఎట్ హోమ్ నౌ.’ గేటు దగ్గర హారన్ వినిపిస్తే ‘దట్ విల్ బి ద ట్యాంకర్’ అంటారు. ‘ట్యాంకరే అయ్యుంటుంది’ అని మనం అన్నట్టే.

‘అలి’ కూడా ఇలాంటిదే. ‘నువ్వు హెల్మెట్ పెట్టుకోవాలి’ అంటే నియమం. ‘వాడికి ముప్పై ఏళ్లు ఉండాలి’ అంటే ఊహ. ఇంగ్లిష్ ‘మస్ట్’కూ ఇవే రెండు ముఖాలు. ‘వచ్చు’ సంగతీ అంతే. ‘మీరు వెళ్లొచ్చు’ అంటే అనుమతి, ‘వాన రావచ్చు’ అంటే అవకాశం. ఇంగ్లిష్ ‘మే’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. అంటే మన భాషలోనే సగం పాఠం ఉంది. మనం దాన్ని వాడుకోవడం లేదు, అంతే.

ఒక పంపు వింత చప్పుడు చేస్తోందనుకోండి. కారణం ఎంత గట్టిగా తెలుసో దాన్నిబట్టి మెట్లు ఇలా ఉంటాయి.

‘ఇట్ ఈజ్ ద బేరింగ్’ అంటే విప్పి చూశాను, బేరింగే.

‘ఇట్ మస్ట్ బి ద బేరింగ్’ అంటే విప్పలేదు, కానీ లక్షణాలన్నీ అవే. బేరింగే అయ్యుండాలి.

‘ఇట్ మే బి ద బేరింగ్’ అంటే బేరింగ్ కావచ్చు, వేరేదీ కావచ్చు.

‘ఇట్ మైట్ బి ద బేరింగ్’, ‘ఇట్ కుడ్ బి ద బేరింగ్’ అంటే ఆ అనుమానం కూడా ఉంది, కొట్టిపారేయలేం.

‘ఇట్ కాంట్ బి ద బేరింగ్’ అంటే బేరింగ్ అయ్యుండదు, నిన్ననే మార్చాం.

చివరి మెట్టు దగ్గర చాలామంది జారతారు. ‘మస్ట్’కు వ్యతిరేకం ‘మస్ట్ నాట్’ అనుకుని ‘ఇట్ మస్ట్ నాట్ బి ద బేరింగ్’ అనేస్తారు. ‘మస్ట్ నాట్’ ముందుగా తట్టేది ‘కూడదు’ అనే అర్థంలో. ‘అయ్యుండదు’ అని గట్టిగా చెప్పాలంటే ‘కాంట్ బి’.

‘మైట్’, ‘కుడ్’ అనగానే గతం అనుకోవడం ఇంకో అలవాటు. పుస్తకంలో ‘మే’ పక్కన ‘మైట్’ను, ‘కెన్’ పక్కన ‘కుడ్’ను గతరూపాల కింద చూసి వచ్చిన చిక్కు ఇది. ‘ఇట్ మైట్ రెయిన్ దిస్ ఈవెనింగ్’ అన్నప్పుడు గతం ఎక్కడుంది? ఉన్నది ఇంకాస్త తగ్గించిన నమ్మకం, అంతే.

‘లైన్ షుడ్ బి ఎంప్టీ’.. ఖాళీగా ఉందా? ఉండాలా?

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాటకు వద్దాం. నైట్ షిఫ్ట్ నుంచి మార్నింగ్ షిఫ్ట్‌కు హ్యాండోవర్ నోట్ రాస్తున్నారు. అందులో ఒక లైన్: ‘ట్రాన్స్‌ఫర్ లైన్ షుడ్ బి ఎంప్టీ.’ పొద్దున వచ్చినవాళ్లు దీన్ని మూడు రకాలుగా చదవొచ్చు. ఒకటి, పని మొదలుపెట్టే ముందు లైన్ ఖాళీగా ఉండాలి, అది నియమం. రెండు, లైన్ ఖాళీగానే ఉండి ఉండాలి, నా అంచనా. మూడు, తొందరలో ఉన్నవాళ్లు చదివే పద్ధతి.. ‘ఖాళీ అంట, విప్పేద్దాం.’

తెలుగులో చెప్పినా ఈ చిక్కు పోదు. ‘లైన్ ఖాళీగా ఉండాలి’ అన్న మాటలోనూ నియమం, అంచనా రెండూ ఉన్నాయి. ‘బస్సు నాలుగింటికి రావాలి’ అని ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి అనుకునేది అంచనాయే కదా, బస్సు వచ్చేసినట్టు కాదు. బస్సు విషయంలో అయితే అరగంట నిలబడతాం. సాల్వెంట్ లైన్ విషయంలో అలా కుదరదు.

అందుకే హ్యాండోవర్‌లో ఒక సూత్రం పెట్టుకోండి. చేసిన పని గతంలో రాయండి, చూసిన స్థితి వర్తమానంలో రాయండి, చూడనిది చూడలేదని రాయండి. ‘ఐ డ్రెయిన్డ్ ద లైన్ ఎట్ ఫైవ్ ఫార్టీ. ద డ్రెయిన్ వాల్వ్ ఈజ్ ఓపెన్. ఐ హ్యావ్ నాట్ చెక్డ్ ద సెకండ్ వాల్వ్.’ మూడు చిన్న వాక్యాలు. ‘షుడ్’ ఒక్కటీ లేదు. చదివినవాళ్లు ఊహించాల్సిందీ ఏమీ లేదు.

‘మే నాట్’ది కూడా ఇదే కథ. ‘విజిటర్స్ మే నాట్ ఎంటర్’ అంటే సందర్శకులు రాకూడదు. ‘ద వాల్వ్ మే నాట్ క్లోజ్ ఫుల్లీ’ అంటే వాల్వ్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. ఒకటి నిషేధం, ఇంకొకటి హెచ్చరిక. ‘ద లైన్ మే బి అండర్ ప్రెజర్’ అని బోర్డు ఉంటే, ‘ఉండొచ్చు, ఉండకపోవచ్చు’ అని తేలిగ్గా తీసుకునే మాట కాదది. ఉందనే అనుకుని పని చెయ్యమని.

అదృష్టవశాత్తూ ‘మస్ట్ నాట్’, ‘నీడ్ నాట్’ విషయంలో తెలుగు మనకు తోడుంది. ‘తెరవకూడదు’ అంటే ‘మస్ట్ నాట్ ఓపెన్’. ‘తెరవక్కర్లేదు’ అంటే ‘నీడ్ నాట్ ఓపెన్’ లేదా ‘డోంట్ హ్యావ్ టు ఓపెన్’. ముందు తెలుగులో ఏ మాట వస్తుందో చూసుకుంటే ఇక్కడ తప్పు జరగదు.

ఇంకొక చిన్న ప్రశ్న. సీనియర్‌ను ‘వాల్వ్ మూసేయమంటారా?’ అని అడగాలి. చాలామంది ‘విల్ ఐ క్లోజ్ ద వాల్వ్?’ అంటారు. సరైనది ‘షల్ ఐ క్లోజ్ ద వాల్వ్?’ రోజువారీ మాటల్లో ‘షల్’ ఇప్పటికీ గట్టిగా బతికున్న చోటు ఇదే. మన ‘మంటారా’కు ఇంతకంటే దగ్గరి మాట లేదు.

కాగితం మీద వీటి బరువే వేరు

మాటల్లో ‘షల్’ తగ్గిపోయింది కానీ, కాగితాల్లో రాజ్యమేలుతోంది. మన ప్రాంతంలో గేటు పక్కన ‘ఐఎస్‌ఓ 9001’ బోర్డు పెట్టుకున్న కంపెనీలు ఎన్నో. ఆ ప్రమాణం 2015 నాటి ప్రతిలో, ఉపోద్ఘాతంలోనే నాలుగు మాటల అర్థం తేల్చి చెప్పారు. ‘షల్’ అంటే తప్పనిసరి. ‘షుడ్’ అంటే సిఫార్సు. ‘మే’ అంటే అనుమతి. ‘కెన్’ అంటే అవకాశం లేదా సామర్థ్యం. ఆడిట్‌లో నాన్ కన్ఫర్మిటీ రాసేది ‘షల్’ ఉన్న చోట తప్పినప్పుడే. అంటే ప్రమాణం చదివేటప్పుడు ‘షల్’ కింద గీత గీసుకుంటూ పోతే మీ చెక్‌లిస్ట్ సగం తయారైనట్టే.

ఫార్మాలో చేరాలనుకునేవాళ్లు ఇంకో అడుగు ముందుకెళ్లాలి. మన దేశంలో మందుల తయారీ పద్ధతుల్ని నిర్దేశించే షెడ్యూల్ ఎమ్‌ను 2023 డిసెంబరులో సవరించి నోటిఫై చేశారు. అది చట్టంలో భాగం, అందుకే నిండా ‘షల్’లే. అమెరికా మందుల నియమావళిలోనూ అంతే. కానీ అమెరికా ఎఫ్‌డీఏ విడుదల చేసే గైడెన్స్ పత్రాల్లో ‘షుడ్’ ఎక్కువ కనిపిస్తుంది. అక్కడ ‘షుడ్’ అంటే సూచన మాత్రమే, తప్పనిసరి కాదని ఆ పత్రాల్లోనే రాసి ఉంటుంది.

అలాగని ‘షుడ్’ అనగానే వదిలేయొచ్చు అనుకుంటే దెబ్బతింటాం. బల్క్ డ్రగ్స్ తయారీకి ప్రపంచమంతా చూసే మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ7. 2000 నవంబరులో ఖరారైంది. అందులో అడుగడుగునా ‘షుడ్’. అయితే అక్కడ దాని అర్థం వేరు. ఆ సూచన మీకు వర్తించదని నిరూపించాలి. లేదంటే అంతే నాణ్యతనిచ్చే ఇంకో పద్ధతి మీ దగ్గర ఉందని చూపించాలి. ఈ రెండూ లేకపోతే పాటించాల్సిందే. ఒకే మాట, రెండు కాగితాల్లో రెండు బరువులు. అందుకే ఏ పత్రమైనా మొదటి పేజీల్లో ఉండే నిర్వచనాలు దాటేసి చదవొద్దు.

సాఫ్ట్‌వేర్ మిత్రులకు ఇది కొత్త కాదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ల కోసం 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రం ఉంది. పట్టుమని మూడు పేజీలు. అందులో ‘మస్ట్’, ‘షల్’ రెండూ ఒకటే, తప్పనిసరి. ‘షుడ్’ అంటే సరైన కారణం ఉంటే తప్పించుకోవచ్చు, కానీ పర్యవసానాలు పూర్తిగా తెలుసుకున్నాకే. ‘మే’ అంటే మీ ఇష్టం. 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8174, ఈ ప్రత్యేక అర్థాలు పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే వర్తిస్తాయని స్పష్టం చేసింది.

‘షల్’, ‘మస్ట్’ల మధ్య పంచాయితీ ఇంకా తెగలేదు. ఐఎస్‌ఓ పత్రాలు రాసేవాళ్లకు ‘షల్’ బదులు ‘మస్ట్’ వాడొద్దని నియమం. అమెరికా ప్రభుత్వ సరళ భాషా మార్గదర్శకాలేమో ‘షల్’ మానేసి ‘మస్ట్’ రాయమంటాయి. మీరు చేరిన కంపెనీ ఎస్‌ఓపీలో ఏది వాడుతున్నారో చూసి, మొదటి నుంచి చివరిదాకా అదే వాడండి. ఒక పేరాలో ‘షల్’, ఇంకో పేరాలో ‘మస్ట్’, మధ్యలో ‘హ్యాస్ టు’ అంటే ఆడిటర్ మూడింటికీ మూడు అర్థాలు వెతుకుతారు.

ఆడిట్ పాయింట్‌కు జవాబు రాసేటప్పుడు ‘విల్’ విలువ తెలియాలి. ‘వి విల్ కంప్లీట్ ద ట్రైనింగ్ బై థర్టీయత్ జూన్’ అని రాస్తే అది హామీ. జులైలో అడుగుతారు. ఇప్పటికే అయిపోయిన పనికి ‘విల్’ రాస్తే చేసిన పని పోయినట్టే. ‘ట్రైనింగ్ హ్యాస్ బీన్ కంప్లీటెడ్’ అని రాయండి. ఖాయం కాని పనికి ‘విల్’ రాసి ఇరుక్కోవద్దు. ‘వి ప్లాన్ టు’ అనడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంటర్వ్యూలో బయటపడేది ఇక్కడే

రుద్రారం, సుల్తాన్‌పూర్ కాలేజీల కుర్రాళ్ల మాక్ ఇంటర్వ్యూలకు కొన్నిసార్లు కూర్చున్నాను. ప్రాజెక్ట్ గురించి చెప్పమంటే పదిమందిలో సగం పైన ఇలా మొదలుపెడతారు. ‘సార్, ద సెన్సర్ విల్ రీడ్ ద టెంపరేచర్ అండ్ ఇట్ విల్ సెండ్ ద డేటా టు ద సర్వర్.’ ‘చదువుతుంది, పంపుతుంది’ అని మనసులో తెలుగు నడుస్తోంది. ఎదుటి మనిషికి మాత్రం ‘ఇంకా తయారు కాలేదేమో’ అనిపిస్తుంది. ఆరు నెలలు నిద్ర కాచి చేసిన ప్రాజెక్ట్ ఒక్క ‘విల్’తో కాగితం మీది ఆలోచనగా మారిపోతుంది. ‘ద సెన్సర్ రీడ్స్ ద టెంపరేచర్ అండ్ సెండ్స్ ద డేటా’ అనండి. మీ వంతు పని గతంలో చెప్పండి. ‘ఐ రోట్ ద కోడ్. మై ఫ్రెండ్ బిల్ట్ ద సర్క్యూట్.’

‘ఎప్పుడు చేరగలరు?’ అని అడిగితే ‘ఐ మే జాయిన్ ఆన్ ఫస్ట్’ అనొద్దు. ‘చేరొచ్చు’ అన్నది మీకు మర్యాదగా అనిపిస్తుంది, వాళ్లకు అనుమానంగా వినిపిస్తుంది. వీలుందని చెప్పాలంటే ‘ఐ కెన్ జాయిన్ ఫ్రమ్ ద ఫస్ట్’. మాట ఇవ్వాలంటే ‘ఐ విల్ జాయిన్ ఆన్ ద ఫస్ట్’.

‘నైట్ షిఫ్ట్ చేయగలరా?’ అంటే ‘ఐ కెన్ ఏబుల్ టు డు’ అనేవాళ్లు ఎందరో. ‘కెన్’ అన్నా, ‘యామ్ ఏబుల్ టు’ అన్నా ఒకటే. రెండూ కలిపితే గొడుగు మీద రెయిన్‌కోట్ కప్పినట్టు. ‘ఐ కెన్ వర్క్ నైట్స్’ చాలు.

మెయిల్స్‌లో ‘విల్’ కంటే ‘వుడ్’ గౌరవంగా ఉంటుందని చాలామంది నమ్మకం. ‘వి వుడ్ డిస్పాచ్ ద మెటీరియల్ టుమారో’ అని రాస్తారు. చదివినవాళ్లకు వచ్చే ప్రశ్న: ‘పంపేవాళ్లమే.. కానీ?’ అడిగేటప్పుడు ‘వుడ్ యూ ప్లీజ్ సెండ్’ అనడం మర్యాద. మనం చేసే పని చెప్పేటప్పుడు ‘వి విల్ డిస్పాచ్’ అనడమే స్పష్టత.

తరచూ దొర్లే నాలుగు తప్పులు

‘వెన్ ద బ్యాచ్ విల్ ఫినిష్, ఐ విల్ కాల్’ కాదు. ‘వెన్ ద బ్యాచ్ ఫినిషెస్, ఐ విల్ కాల్.’ తెలుగులో ‘బ్యాచ్ అవ్వగానే ఫోన్ చేస్తా’ అంటాం. ‘అవ్వగానే’లో కాలం లేదు కదా, ‘వెన్’ వైపున కూడా ‘విల్’ అక్కర్లేదు. ‘ఇఫ్’కూ ఇదే లెక్క.

‘యూ మస్ట్ టు వేర్ గ్లవ్స్’ కాదు. ‘యూ మస్ట్ వేర్ గ్లవ్స్.’ ‘మస్ట్’, ‘కెన్’, ‘షుడ్’, ‘మే’, ‘విల్’ తర్వాత ‘టు’ రాదు.

‘హి కెన్స్’, ‘షి మస్ట్స్’ ఉండవు. మనిషి మారినా ఇవి మారవు.

‘హి వుడ్ హ్యావ్ రీచ్డ్ బై నౌ’ అని ఊహ చెప్పేవాళ్లు మనలో చాలామంది. ‘ఈపాటికి చేరి ఉంటాడు’ అని చెప్పాలంటే ‘హి విల్ హ్యావ్ రీచ్డ్ బై నౌ’ లేదా ‘హి మస్ట్ హ్యావ్ రీచ్డ్’ అనాలి.

బస్సులో చేసే ప్రాక్టీస్

దీనికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు. సంగారెడ్డిలో బస్సెక్కి పటాన్‌చెరులో దిగేలోపు చేయొచ్చు. నేను అలాగే చేశాను. కిటికీలోంచి కనిపించేదానికి ఒక్కో వాక్యం కట్టండి. ముందు తెలుగులో అనుకోండి. అది అలవాటా, హామీనా, ఊహా, నియమమా తేల్చుకోండి. తర్వాతే ఇంగ్లిష్‌లోకి వెళ్లండి.

ఈ అయిదు ప్రయత్నించండి. జవాబులు కిందే ఉన్నాయి, ముందు చూడొద్దు.

1. ఈ బస్సు రోజూ కంది దగ్గర ఆగుతుంది.
2. ఆ బస్తాల లారీ ఫ్యాక్టరీదే అయ్యుండాలి.
3. ముత్తంగి దగ్గర ట్రాఫిక్ ఉండొచ్చు.
4. టికెట్ నేను తీసుకుంటాలే.
5. ఫుట్‌బోర్డు మీద నిలబడకూడదు.

జవాబులు: ఒకటి, ‘దిస్ బస్ స్టాప్స్ ఎట్ కంది ఎవ్రీ డే’. రెండు, ‘దట్ లారీ మస్ట్ బి ఫ్రమ్ ద ఫ్యాక్టరీ’. మూడు, ‘దేర్ మే బి ట్రాఫిక్ ఎట్ ముత్తంగి’. నాలుగు, ‘ఐ విల్ బయ్ ద టికెట్స్’. అయిదు, ‘యూ మస్ట్ నాట్ స్టాండ్ ఆన్ ద ఫుట్‌బోర్డ్’. మొదటిదాంట్లో ‘విల్ స్టాప్’ అనిపించిందా? కంగారు పడొద్దు. వారం రోజులు చేస్తే నాలుక దానంతటదే సర్దుకుంటుంది.

ఆ క్యాంటీన్ ప్రశ్నకు జవాబు దొరికాక, ఓ రోజు టీ తాగుతూ ఆ అన్నకు చెప్పాను. ‘అన్నా, చేసే పనికి విల్ పెట్టొద్దు. చేయబోయే పనికే పెట్టాలి.’ ఆయన నవ్వి, ‘గింతేనా? గిది ఎవ్వరూ చెప్పలేదు తమ్మీ’ అన్నారు.

తర్వాతి ఏడాది మళ్లీ ఆడిట్. అదే డ్రయ్యర్, దాదాపు అదే ప్రశ్న. ఈసారి ఆయన జవాబు నేను పక్కనే నిలబడి విన్నాను. ‘యెస్ సార్. వి చెక్ ఎవ్రీ షిఫ్ట్. ఐ విల్ షో యూ ద లాగ్‌బుక్.’

రోజూ చేసేదానికి ‘విల్’ లేదు. ఇప్పుడు చేయబోయేదానికి ఉంది. ఆడిటర్ లాగ్‌బుక్ తిరగేసి, థ్యాంక్స్ చెప్పి, ఏమీ రాసుకోకుండా ముందుకెళ్లారు.